అట్టముక్క మీది పేరు

ఉమ్ అల్ క్వైన్,
18 నవంబర్ 2006, శనివారం.

గౌరవనీయులైన అర్షద్ అన్నకు,

అస్సలాము అలైకుం. నీ దగ్గర పని నేర్చుకున్న సనావుల్లా రాసేది. ఇక్కడ నా ఒళ్లు బాగానే ఉండాది. ఖోర్ ఫక్కాన్‌లో నువ్వూ, రాయచోటిలో వదినా, ఆఫ్రీన్ పాపా చల్లగా ఉండాలని ప్రతి నమాజులో దువా చేస్తాండా. మర్యాద ఇంతటితో ఖలాస్ అన్నా. ఇంక నా కడుపుమంట విను.

ఫోన్ చేస్తే ఎత్తవు. నాలుగు మాట్లు చేసి విసుగొచ్చి ఈ జాబు రాస్తాండా. మన లారీ డ్రైవర్ లింబాద్రి మంగళవారం మీ పోర్టుకు సిమెంటు తోలుతాడు, ఆయన చేతికిస్తా. అక్షరాలు చిన్నపిల్లోడు రాసినంత లావుగా ఉండాయని నవ్వద్దు. దీన్ని నువ్వే చదువుకో, ఎవరి చేతా చదివించుకోవద్దు.

గురువారం మన తుపాకుల షాపు నడిపే ముదీర్ నీకు ఫోన్ చేసినాడంట కదా. సనావుల్లా చేసిన రైఫిల్ మూడు మాట్లు వెనక్కి వచ్చింది, నీ శిష్యుడే కదా, ఏమంటావు అని అడిగినాడంట. దానికి నువ్వేమన్నావన్నా? వాని చేతికి ఆకురాయి ఇస్తే ఆగడు, రెండేండ్ల కింద కూడా ఒక తూటాల మ్యాగజైన్ అంచులు అరగ్గొట్టి పాడుచేసినాడు, ఇదీ అట్లే చేసింటాడు అన్నావంట! రైఫిల్‌ను కంటితో చూసినావా? పోనీ, ఏం జరిగిందిరా అని నన్ను ఒక్క మాట అడిగినావా? ఖోర్ ఫక్కాన్‌లో కూర్చొని ఉమ్ అల్ క్వైన్‌లో తుపాకీ జబ్బు చెప్పడానికి నువ్వేమన్నా మహిమలున్న ఔలియావా?

నీ మాటకు నా బతుకు పోయింది. ముదీర్ నా వీసా క్యాన్సిల్‌కు కాగితాలు పెట్టేసినాడు. నిన్ను తిట్టి ఊరుకుందామనుకున్నా, నీ ఉస్తాదే అట్లన్నాక నేనేం చేసేది అని నా మొగం మీదే అన్నాడు. నెలాఖరుకు నేను విమానం ఎక్కాల. ఆకురాయితో తుపాకులు పాడుచేసేవాడని పేరు పెట్టుకొని పోతే, ఇంకే షాపువాడు నన్ను గడప తొక్కనిస్తాడు?

ఆ రైఫిల్ అబూ సైఫ్ పెద్దాయనది. ప్రతి చలికాలం కొడుకులతో టాంజానియా వేటకు పోతాడే, ఆయనది. రంజాన్ పండగ అయినాక తెచ్చినాడు. మొదటి తూటా బాగానే పేలుతుంది. బోల్టు వెనక్కి లాగితే పేలిన తూటా డొల్ల ఎగిరి పడుతుంది. ముందుకు తోస్తే మాత్రం రెండో తూటా గొట్టంలోకి ఎక్కదు. ట్రిగ్గర్ నొక్కితే ఉత్త టక్. అడవిదున్న మీదికి వచ్చేటప్పుడు అట్ల టక్ మంటే మనిషి పనైపోతుంది కదన్నా, అందుకే నేను అన్నీ పక్కన పెట్టి దాని మీద కూర్చున్నా.

నేనేమన్నా కండ్లు మూసుకొని చేసినానా? మ్యాగజైన్ విప్పి స్ప్రింగు చూసినా. తిరగేసి పెట్టింది కాదు, సత్తువ పోయింది కాదు. అయినా కొత్తది వేసినా. తూటాలను పైకెత్తే రేకు యాడా పట్టుకోలేదు. తూటాలను పట్టుకొనే అంచుల మధ్య సందు కొలిచినా, సరిగ్గా ఉండాది. ఆకురాయి సొరుగులోనించి బయటికే తీయలేదు, ఒట్టు! తూటాలు వేరే కంపెనీవి, పొడుగు ఎక్కువేమోనని వాటినీ కొలిచినా. ఇసకతో కలిసి బంక అయితాదని నూనెంతా తుడిచి పొడి చేసినా. మందులేని ఉత్తుత్తి తూటాలు ఐదేసి పెట్టి నలభై మాట్లు ఆడించినా. ఒక్కటి తప్పలేదు. ఇదంతా నాకు ఎవరు నేర్పినారన్నా? పని అయినాక అట్టముక్క మీద చేసినోడి పేరు రాసి తుపాకీకి కట్టాలని మన షాపులో పద్ధతి పెట్టింది నువ్వే. మూడు మాట్లూ నా పేరే రాసి కట్టినా. మూడు మాట్లూ వెనక్కే వచ్చింది.

ఇంక తిక్క రేగి, మీరు కాల్చేటప్పుడు నేను చూడాల అని పెద్దాయననే అడిగినా. రెండు వారాల కింద, జుమా నమాజు అయినాక తన తోటకు పిలుచుకొని పోయినాడు. కొడుకులిద్దరూ వచ్చినారు. పెద్దాయన రైఫిల్ ఎత్తి కాల్చినాడు, బోల్టు లాగినాడు, తోసినాడు, టక్. మళ్లా అంతే. అందరూ రైఫిల్‌ను చూస్తాండారు, నేను మాత్రం ఆయన చేతిని చూసినా. పోయిన ఎండాకాలం వాతం కొట్టి ఆయన కుడిచేతి వేళ్లు ముడుచుకున్నాయి. ఎవరికీ కనపడకుండా కందూర అంగీ చేతిలోకి లాక్కొని ఉంటాడు. ఆ వేళ్లతో బోల్టును ముక్కాలు దూరమే లాగుతాడు. ఖాళీ డొల్ల పడిపోవడానికి అది చాలు. కొత్త తూటా వెనక్కి బోల్టు పోవాలంటే ఇంకా రెండు వేళ్లంత లాగాల. ఆ రెండు వేళ్లంత ఆయన చెయ్యి రాదు. అంతేనన్నా జబ్బు! స్ప్రింగూ కాదు, అంచులూ కాదు.

చెప్పేద్దామని నోరు తెరిచినా. అంతలో పెద్దకొడుకు సైఫ్ అరబ్బీలో, బాబా, ఇది రైఫిల్ తప్పో చేతి తప్పో చూసుకో, ఈసారి ఇంటికాడ ఉండిపో అన్నాడు. పెద్దాయన మొగంలో నెత్తురు చుక్క లేదు. నాకు మా నాయన గుర్తొచ్చినాడు. నేను ముందుకు పోయి, తప్పు నాదే సాబ్, స్ప్రింగు సరిగ్గా పెట్టలేదు, రెండు దినాల్లో బాగుచేసిస్తా అన్నా. అవును, అన్నది నేనే. సైఫ్ ఆడనే నన్ను గాడిద అని తిట్టినాడు, తల వంచుకున్నా.

షాపుకొచ్చి లేతు మిషను మీద నిమ్మకాయంత ఇనపగుండు కోసి బోల్టు పిడికి బిగించినా. ముడుచుకున్న అరచెయ్యి దాని మీద బాగా ఆనుతుంది. ఇది కొత్తది సాబ్, బిగువుగా ఉంటాది, వెనక్కి కొట్టుకొని చప్పుడయ్యేదాకా లాగాల అని పెద్దాయనకు చెప్పినా. ఐదు తూటాలకు ఐదూ పేలినాయి. ఆయన రైఫిల్ దించి, ఆ గుండును తడిమి నన్ను చూసినాడు. అర్థమయిందనుకుంటా. బుధవారం కొడుకులతో వేటకు పోయినాడు, నా వీసా సంగతి ఆయనకు తెలీదు.

ఇప్పుడు చూడు నా గతి. ఇప్పుడు బాగయిందంటే ముందర చెడగొట్టింది నువ్వే కదా అంటాడు ముదీర్! ఏమని చెప్పేది? చెప్తే పెద్దాయన పరువు పోతుంది. ముదీర్ నమ్మినా, సైఫ్ నమ్మినా, నాకేం బాధ లేదు, వాళ్లను నమ్మించింది నేనే. నువ్వు ఎట్ల నమ్మినావన్నా? నా చెయ్యి పట్టుకొని పని నేర్పినోడివి నువ్వు! రెండేండ్ల కిందటి ఆ మ్యాగజైన్‌కు అందరి ముందర నీ చేత చెంపదెబ్బ తిన్నా. దాన్ని ఇంకా మోస్తానే ఉండాల్నా నేను?

పెద్దాయన మాట ఎత్తద్దు. ముదీర్‌కు ఫోన్ చేసి, ఆకురాయి గురించి నేనన్న మాట తప్పు అని మాత్రం చెప్పు. ఒక్క మాటతో పోగొట్టినావు, ఒక్క మాటతో నిలబెట్టు.

కోపంగా, అయినా నీవాడే,
సనావుల్లా

తా.క.: కవరు అంటించినాక మళ్లా విప్పినా. ఇది రాయకుంటే, నువ్వన్న ఆ మాట తప్పని నీకెట్ల తెలుస్తాది? రెండేండ్ల కింద ఆ మ్యాగజైన్ అంచులు అరగ్గొట్టింది నేను కాదన్నా, నువ్వు. కిటికీ కాడికి తిప్పుకొని, కండ్లకు ఆనించుకొని రుద్దినావు, ఎంత రుద్దినావో నీకు కనపడలేదు. అది వెనక్కి వచ్చినప్పుడు అట్టముక్క మీద నీ పేరు ఉండింది. ముదీర్ చూడకముందే చించేసి, నా పేరు రాసి కట్టినా. నీ తర్వాత నేను మళ్లా రుద్దినానని నీకూ అబద్ధం చెప్పినా. మూడు నెలలకు నువ్వు ఏ కారణం చెప్పకుండా పనిముట్లు వదిలేసి పోర్టు గేటు కాడ కూర్చునే నౌకరీకి పోయినావు. ఎందుకు పోయినావో నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. ఈ జాబు ఇంత లావు అక్షరాలతో రాసింది కూడా అందుకే.