దయ్యానికి జడవని హీరో

అక్కా,

నవ్వకుండా చదువు. సినిమాల్లో లైట్లు మోసే నీ తమ్ముడు ఇప్పుడు హీరో! దయ్యాల కామెడీ. అసలు హీరో అలిగి వెళ్లిపోయాడు. ఇంకో చొక్కా కుట్టించే స్తోమత నిర్మాతకు లేదు. ఉన్న చొక్కా నాకొక్కడికే పట్టింది.

దయ్యం ఎవరనుకున్నావు, మా వంటావిడే. మొహం నిండా పిండి పూసుకుని, వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తుంది. నేను కెవ్వుమనాలి. ఎన్నిసార్లు తీసినా అరుపు రాలేదు. నీ మరదలు పోయాక నామీద పడిన మొదటి చెయ్యి అది. కళ్లు మూసుకుని దానిమీద తల వాల్చేశాను.

"దయ్యం చేతిలో కునుకేంటయ్యా!" అని డైరెక్టరు పడీ పడీ నవ్వి, అదే ఉంచేశాడు.

హాల్లో జనం అక్కడే నవ్వుతారట. నువ్వూ నవ్వు, ఏమీ అనుకోను.

నిన్నటితో షూటింగ్ అయిపోయింది. వీలు చూసుకుని ఒకసారి రా అక్కా. చెప్పకుండా వెనక నుంచి వచ్చినా సరే, జడుసుకోను.

నీ తమ్ముడు