పోట్లాట కూడా లేని ఇల్లు

లాస్‌పేట, మంగళవారం, 2006

మా ఆయనకు గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఉబ్బిందని, బరువులెత్తినా బీపీ పెరిగినా ప్రమాదమని డాక్టరు చెప్పి ఏడాదైంది. అప్పటినుంచి ఆయనకు నేను ఒక్క మాటా ఎదురు చెప్పలేదు.

ఈరోజు నేను అంగడికి పోయి వచ్చేసరికి, ఆయన గ్యాస్ సిలిండర్ వాకిలి నుంచి వంటింట్లోకి మోసుకొచ్చేశారు. నేను సంచి కింద పెట్టి, ఆయన కూర్చోవడానికి కుర్చీ జరిపాను.

"ఏంది, తిట్టవా? కావాలనే ఎత్తినా. ముందు మాదిరి నాతో పోట్లాడు. నేను నీకు పేషెంటునేనా, మొగుణ్ణి కానా?" అన్నారు.

తిట్టాలనే నోరు తెరిచాను. ఆయన మెడ మీద నరం కొట్టుకోవడం కనిపించింది.

"నొప్పేమన్నా ఉందా?" అని మాత్రం అడిగాను.

ఆయన పోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను స్నానాలగదిలోకి పోయి, ఆయనకు వినబడకుండా కుళాయి తిప్పి ఏడ్చాను. ఆయన ప్రాణం కాపాడుకుంటున్నాననుకున్నాను. మరి ఆ మనిషిని పోగొట్టుకుంటున్నానా?