ముప్పై ఒకటో పేజీ తీసేయండి

విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ గారి దివ్యసముఖమునకు,
ఆదిలాబాద్ పత్తి జిన్నింగ్ మిల్లు కూలీ శ్రావణ్ దాఖలు చేసుకొను అర్జీ.

విషయం: మీ పరిశోధకురాలు అచ్చు వేసిన నివేదిక నుండి మా మాటలు తొలగించుట, ఇంకొక మనిషి తన్నులు తినకముందే తొలగించుట గురించి.

అయ్యా,

1. మా మేనమామ గట్టయ్య మిల్లులో మిషను బెల్టుకు చిక్కి చనిపోయాడు. చెయ్యి ఇరుక్కున్నాక కూడా గుత్తేదారు హనుమంతు మిషను ఆపనివ్వలేదు. పైగా తాగి పడ్డాడని చెప్పాడు. మా మామ తాగడు.

2. మూడో రోజు పిట్టకు పెట్టాము. పోయినవాడికి ఇష్టమైనవి పెట్టి దూరంగా నిలబడతాము. కాకి ముట్టకపోతే వాడికి ఏదో కోరిక మిగిలినట్టు. కోడికూర, బీడికట్ట పెట్టాము. కాకి గోడ దిగలేదు. దుర్గవ్వ అత్త మొత్తుకున్నా దిగలేదు. నేను ముందుకు పోయి, "మామా, నిన్ను తాగుబోతన్నోళ్ల నోరు మూయిస్త, తిను" అన్నాను. దిగి ముట్టింది. హనుమంతు కూడా అక్కడే చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు.

3. ఇదంతా దొంగపేరుతో ఫేస్‌బుక్‌లో రాశాను. చదివింది మా కూలీలే. మిల్లులో కళ్లారా చూసిన ఒక ఆడమనిషి, తాను చూసింది కింద రాసింది.

4. మీ పరిశోధకురాలు మమతారాణి గారు మా ఇద్దరి రాతలను అక్షరం మార్చకుండా ఎత్తి నివేదికలో వేశారు. అడగలేదు. నాకు "పాల్గొన్న వ్యక్తి–17" అని పేరు పెట్టారు. నేను దేంట్లోనూ పాల్గొనలేదు. "గోప్యత పాటించడమైనది" అని కింద రాసి, కాకిని మాత్రం అట్లనే ఉంచారు. ఒక పేపరు నా మాటలు ఎత్తి ఆదివారం వేసింది. ఒక మహిళ కూడా సాక్ష్యం రాసిందని చివర ఒక ముక్క కలిపింది.

5. సోమవారం హనుమంతు నలుగురితో మా వాకిట్లోకి వచ్చాడు. చేతిలో ఆ పేపరు.

"ఏంరా గట్టయ్య అల్లుడా, పిట్టకు మాటిచ్చినవట? మా నోరు మూయిస్తవా? చదువు, గట్టిగ చదువు."

నా చేత చదివించి, పత్తి బేళ్లకు చుట్టే ఇనుప పట్టీతో వాక్యానికో దెబ్బ కొట్టాడు. అయ్యా, నేను రాసేవి చిన్న వాక్యాలు. చాలా ఉన్నాయి. ఎడమచేతి వేళ్లు ఇప్పుడు ముడుచుకోవడం లేదు. అడ్డం వచ్చిన దుర్గవ్వ అత్తను జుట్టు పట్టి ఈడ్చి నోటి మీద తన్నాడు. ఆమె పళ్లు వాకిట్లో ఏరుకున్నాము.

"ఆ రాసిన ఆడిది ఎవలు?" అని అడిగాడు. చెప్పలేదు.

6. మమతారాణి గారికి ఫోన్ చేశాను.

"అది పబ్లిక్ పోస్టు కదా తమ్ముడూ, ఎవరైనా చూడొచ్చు. మీ పేరు ఎక్కడా పెట్టలేదు."

"బస్టాండ్‌ల ఏడ్చెటోన్ని అందరు చూస్తరు మేడం. ఫోటో తీసి గోడకు ఎవలన్న అంటిస్తరా? పేరు తీసిండ్రు, మనిషిని ఉంచిండ్రు."

వచ్చే ముద్రణలో చూస్తామన్నారు.

7. ఆ ఆడమనిషి మాటలు మీ నివేదిక ముప్పై ఒకటో పేజీలో ఉన్నాయి. ఎక్కడ నిలబడి చూసిందో, చేతిలో ఏముందో అన్నీ ఉన్నాయి. మా మిల్లువాడు ఒక్కసారి చదివితే చాలు, ఆమె ఇంటికి నడిచిపోతాడు. ఆ మాటలు ఈ అర్జీలో రాయను. రాస్తే మీకూ నాకూ తేడా ఏముంది? హనుమంతు ఆ నివేదిక తెప్పిస్తున్నాడని తెలిసింది. ఫేస్‌బుక్‌లో నాది నేను, ఆమెది ఆమె చెరిపేసుకున్నాము. ఇప్పుడు ఆమె మాటలు ఉన్నది ఒక్క మీ దగ్గరే.

కావున సదరు పేజీని వాడు చదవకముందే తొలగించగలందులకు ప్రార్థన. చిత్తగించవలెను. ఆలస్యంగా చిత్తగిస్తే అవసరం లేదు.

తమ విధేయుడు (అట్లనే రాయాలట),
శ్రావణ్

తా.క.: ఆ మహిళ పేరు, చిరునామా, సంతకం జతచేస్తేనే పరిశీలిస్తామని మీ గుమాస్తా ఫోన్లో చెప్పాడు. జతచేయను. ఇనుప పట్టీకే చెప్పని పేరు మీ గుమాస్తాకు చెబుతానా? అలాంటి పట్టీ ఒకటి నేనూ తెచ్చి ఆమె తలుపు వెనక పెట్టాను. పగలంతా ఆ వాకిట్లోనే కూర్చుంటున్నాను. నా కుడిచెయ్యి బాగానే ఉంది. వాడు రాకముందే మీరు ఆ పేజీ తీస్తే పట్టీని మిల్లులో తిరిగి ఇచ్చేస్తాను.