సీలు పడిన గదిలో పాటపిట్ట, టేకు చేప, నేను

జంతుశాల పెద్ద అధికారి గారి సముఖానికి,

అయ్యా,

విషయం: క్వారంటైన్ గదికి వేసిన సీలు తీయించి నన్ను బయటికి రప్పించుట గురించి.

1. దొంగరవాణాలో పట్టుబడిన పాటపిట్టనూ, పళ్లెంలా చదునుగా ఉండే టేకు చేపనూ (స్టింగ్‌రే) ఒకే గదిలో ఉంచి, సంరక్షణ నాకు అప్పగించియున్నారు. నేను చేప తొట్టి వెనక వంగి గొట్టం బిగిస్తుండగా గుమాస్తా గారు లోపలికి తొంగి చూడకుండానే తలుపుకు సీలు వేసియున్నారు. కేకలు వేయగా, "వేయడం నా పని, తీయడం పైవాళ్ల పని" అన్నారు.

2. రెండింటిలో ఏది అరుదైనదో నేను పోల్చి నివేదిక ఇస్తేనే సీలు తీస్తామనీ, అరుదైనదాన్ని పెద్ద సంరక్షణ కేంద్రానికి పంపి రెండోదాన్ని వదిలించుకుంటామనీ తమరు కిటికీలోంచి సెలవిచ్చియున్నారు. వదిలించుకోవడమంటే ఏమిటో ఈ ఉద్యోగంలో చూసినవాణ్ణి.

3. పోలిక: పిట్ట జాతి అడవిలో అడుగంటింది. పాట నేర్పే పెద్దపిట్టలు లేక ఇది తొట్టి మోటారు చప్పుడునే పాడుతున్నది. టేకు చేపకు గొంతే లేదు. తోకలో విషపు ముల్లుంది గానీ, నా చేయి కనబడితే అంచుకొచ్చి నీళ్లు చిమ్ముతుంది. దాని జాతిని ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి అరుదు కాదట. నక్కకీ నాగలోకానికీ పోలిక పెట్టమంటే నా వల్ల కాదయ్యా.

4. గదిలో హీటరు ఒక్కటే. కాసేపు పంజరానికి, కాసేపు తొట్టికి మారుస్తున్నాను. నాకు కునుకు పడితే ఏదో ఒకటి చల్లబడిపోతుంది. భయంగా ఉంది.

5. నా భార్య కిటికీ సందులోంచి రొట్టె అందిస్తూ, "వాళ్లకి అరుదైనదే కావాలంటే నిన్ను చూపించు. ఇంత వెర్రివాడు ఇంకెక్కడా దొరకడు" అంటున్నది. దీన్ని కూడా నివేదికలో చేర్చవలెనేమో తెలుపగలరు.

ముందు నుయ్యి, వెనక గొయ్యిగా ఉన్న నా స్థితిని చిత్తగించి, ముందుగా తలుపు తీయించవలెను.

తమ విధేయుడు,
లోపలి సంరక్షకుడు

తా.క.: అర్జీ మా ఆవిడ చేతికిచ్చేలోపే గుమాస్తా గారు పైవాళ్ల ఉత్తర్వు తెచ్చి సీలు తీశారు. ఆయన చేతిలో ప్రాణిని తీసుకెళ్లే పెట్టె ఒక్కటే ఉంది. "ఏదో ఒకటి చెప్పవయ్యా, తొందరగా" అన్నారు. ఆయన వెనక ఎండ కనిపించింది. ఇంటికి పోవాలని ప్రాణం కొట్టుకుపోయింది. తలుపు మూసి, లోపలి గడియ నేనే పెట్టుకున్నాను. రెండో పెట్టె తెచ్చేదాకా తీయను.