నడినెత్తిన అతుకు

జూన్ 2

అత్తయ్య స్టూలు మీంచి పడి వారం అయింది. నడుం ఎముక చిట్లింది. వెల్లకిలా పడుకునే ఉండాలి. మెడకు పట్టీ. పక్కకు తిరగకూడదు. ఇంటెడు చాకిరీ ఒంటిచేత్తో చేసిన మనిషి ఇప్పుడు నోటితోనే అన్నీ చేస్తున్నారు. ఉప్పు డబ్బాకు మూత పెట్టావా అని మంచం మీంచే అడుగుతారు. పెట్టలేదని ఆమెకు ఎలా తెలుస్తుందో!

ఆమెకు కావలసింది మాత్రం ఒక్కటేనట, డాబా మీది ఆకాశం. రోజూ బట్టలు ఆరేసే వంకతో అక్కడే గంటసేపు కూర్చునేవారు. ఆ మాట వినగానే మావారు నా వైపు చూశారు. నీ డ్రోను ఎందుకుంది అన్నట్టు.

జూన్ 4

డ్రోను లేపి డాబా చుట్టూ ఫొటోలు తీశాను. అన్నిటినీ కలిపి కుడితే పనోరమా. హెడ్‌సెట్ కళ్లకు పెట్టుకుంటే గాల్లో నిలబడి నాలుగు దిక్కులూ చూస్తున్నట్టే ఉంటుంది. ఫ్లాట్లు అమ్మేవాళ్ల కోసం నేను చేసే పని ఇదే. ఒక్కటే చిక్కు. కెమెరా డ్రోను పొట్ట కింద వేలాడుతుంది. కిందికి చూస్తుంది, ఎదురుగా చూస్తుంది, నిటారుగా పైకి మాత్రం చూడలేదు. అందుకే ప్రతి పనోరమాకీ నడినెత్తిన గుండ్రంగా నల్లటి చిల్లు మిగులుతుంది. అక్కడ నా దగ్గరున్న ఆకాశం ముక్క ఒకటి అతుకు వేస్తాను. వేస్తాననడం కూడా ఎక్కువే, సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి పెట్టి ఉంచిన ప్రీసెట్ దానంతటదే వేసేస్తుంది. ఫ్లాట్ కొనేవాడెవడూ అంత పైకి తలెత్తడు.

అత్తయ్యకు హెడ్‌సెట్ పెట్టాం. అదిగో చెవి చిరిగిన మబ్బు అన్నారు. రేపూ తెమ్మన్నారు. నాకెంత గర్వంగా ఉందో రాయడానికి సిగ్గేస్తోంది.

జూన్ 9

పొద్దున్నే ఎగరేయడం, కుట్టడం, చూపించడం. అత్తయ్య అన్నం కూడా సరిగ్గా తింటున్నారు.

జూన్ 12

అత్తయ్య మాటల్లో ఏదో తేడా. ఒకే మబ్బు మన ఇంటి మీద నిలబడిపోయిందట. కదలడమే లేదట. గాలి లేదేమోనమ్మా అని మావారు నవ్వారు. ఆమె నవ్వలేదు.

జూన్ 14

డాక్టరమ్మ ఇంటికొచ్చి చూసింది. మబ్బు సంగతి ఆవిడకు చెప్పింది నేనే. దాచకూడదు కదా అనుకున్నా. ఇవాళ ఏ వారమని అడిగితే అత్తయ్య తప్పు చెప్పారు. మంచానికి అంటుకుపోయిన మనిషికి ఏ వారమైతేనేం? డాక్టరమ్మ మాత్రం మావారిని పక్కకు పిలిచింది. ఈ వయసులో మంచాన పడితే మతి తప్పడం మామూలేనట. ఒక మాత్ర రాసింది. ఇది ముదిరితే ఇంట్లో కష్టం, పెద్దవాళ్లను చూసుకునే హోమ్‌లో చేర్చడం మేలు అందట.



జూన్ 17

మాత్రతో మధ్యాహ్నం దాకా మగత. ఉప్పు డబ్బా గురించి అడగడం మానేశారు. ఈ ఇల్లు కాస్త నిశ్శబ్దంగా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఉంది ఇప్పుడు. బాగాలేదు.

ఆ మబ్బు ఇంకా ఉందని నా చెవిలో చెప్పారు. వాడికి చెప్పకు అన్నారు.

జూన్ 19, ఉదయం

ముసురు. చినుకులు కాస్త తెరిపిచ్చినప్పుడు ఎగరేశాను. హెడ్‌సెట్ పెట్టగానే అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు. ఊరంతా మబ్బు పట్టింది, నా నెత్తి మీద మాత్రం ఎండ కాస్తోంది, ఎందుకమ్మాయ్ అన్నారు. మాత్ర మత్తు అనుకున్నా. నేనంత మొద్దుని.

అదే రోజు, పదకొండు గంటలు

ఫైలు తెరిచి పైకి తిప్పాను. చుట్టూ బూడిదరంగు. మధ్యలో పళ్లెమంత నీలం. అందులో చెవి చిరిగిన మబ్బు. నిన్నటిది తెరిచాను. మొన్నటిది. అన్నిట్లోనూ అదే ముక్క.

కదలకుండా వెల్లకిలా పడుకున్న మనిషి చూసేది నడినెత్తినే. ఇన్నాళ్లూ నేను తీసిన ఆకాశం ఆమెకు అంచుల్లో తప్ప కనిపించనే లేదు. అతుకే చూశారు. రోజూ ఆ అతుకే. ఆ మబ్బును ఎవరు ఎక్కడ తీశారో నాకే తెలియదు. అత్తయ్య ఉన్నదున్నట్టు చెప్పారు. మేం మాత్ర వేశాం.

సాయంత్రం

మావారికి చెప్పాను. అమ్మని హోమ్‌కి పంపకుండా ఉండడానికి కథ అల్లుతున్నావా అని అడిగారు. అత్తయ్యా నేనూ ఉప్పూ నిప్పూ అని చుట్టాలందరికీ తెలుసు, ఆమె కోసం నేనెందుకు అల్లుతాను? ఫైళ్లన్నీ చూపించాను. అప్పుడు డాక్టరమ్మకు ఫోన్ చేశారు. మాత్ర ఒక్కసారిగా ఆపకూడదట, తగ్గిస్తూ రావాలట. హోమ్ సంగతి వచ్చే నెల చూద్దాం అందట. చూద్దాం అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు.

జూన్ 20

అత్తయ్యకు చెప్పాను. తిడతారనుకున్నా. తిట్టినా బాగుండేది. అంతా విని, మరి ఆ గద్ద అన్నారు. ఏ గద్ద అన్నాను. మబ్బును దాటుకుంటూ పోయేది, రోజూ, అన్నారు.

అది ఫొటో. ఫొటోలో ఏదీ కదలదు. వెళ్లి ఆ ముక్కను పెద్దది చేసి మూలమూలా వెతికాను. గద్ద కాదు కదా, దాని ఈక కూడా లేదు.

మాత్ర వల్లా? ఎప్పుడూ ఒకటే చూసి చూసీ కళ్లే కల్పించుకున్నాయా? లేక డాక్టరమ్మ అన్నదే నిజమా? చెప్పనా, మాననా? కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని. మబ్బు గురించి చెప్పి ఒకసారి ఏం వెలగబెట్టానో చూశాను. ఎవరికీ చెప్పలేదు.

జూన్ 22

డాబా మీద వెల్లకిలా పడుకుని ఫోన్‌తో నడినెత్తి ఆకాశం నేనే తీశాను. వీపు కింద గచ్చు కాలిపోతోంది. ఎదురింటావిడ కళ్లు తిరిగాయా అని కేకేసింది. ఆ ముక్కే పెట్టి కుట్టాను.

అత్తయ్య కాసేపు చూశారు. ఇదీ అతికించిందే కదా అన్నారు. అతికించిందే, కానీ ఇవాళ్టిది, మనదే అన్నాను. నాకెలా తెలుస్తుంది అన్నారు. నిజమే, ఎలా తెలుస్తుంది? హెడ్‌సెట్ తీసెయ్యమన్నారు.

జూన్ 23

వద్దన్నారు. ఎగరేయలేదు.

జూన్ 26

మధ్యాహ్నం పిలిచి, మంచం మీద తన పక్కన పడుకోమన్నారు. ఈ ఇంటికొచ్చాక ఆ మంచం అంచున కూర్చోవడానికి కూడా జంకేదాన్ని. పడుకున్నాను. పైన ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే చెప్పమన్నారు.

ఫ్యాను అన్నాను. ఊఁ అన్నారు. బూజు. ఊఁ. మూల పెచ్చు ఊడింది. ఊఁ.

హమ్మయ్య, నాకూ అవే, అని కళ్లు మూసుకున్నారు.