గాయత్రి పీట, పది చింతగింజలు

మామిడికుదురు,
జూన్ 9

మాణిక్యాలరావు గారికి నమస్కారాలు.

మీ వినికిడి విభాగంలో చెప్పినట్టే మా మనవరాలు గాయత్రికి చెవి మిషన్ పెట్టి వారం రోజులు ఇంట్లో పరీక్ష చేశాను. పిల్లని పీట మీద కూర్చోబెట్టి, వెనక నిలబడి పిలవాలి. వినబడితే పిల్ల గిన్నెలో చింతగింజ వెయ్యాలి. పది పిలుపులకి పది గింజలు వేసింది. ఏడు రోజులూ అంతే. పట్టిక జతపరిచాను.

ఇట్లు,
కళ్యాణి

తా.క. ఎదురుగా కూర్చుని చూసిన మా అత్తగారు మంగాయమ్మ గారు, "మూడున్నరేళ్ళకి ఇంత తెలివా! మా పుట్టింటి పోలికే" అన్నారు. అది రాయడానికి పట్టికలో గడి లేదు.

*

కాకినాడ,
జూన్ 14

కళ్యాణి గారికి నమస్తే అండీ.

మా పరీక్ష గదిలో పాప పదికి రెండే వేసిందండీ. తన చెవి బాగానే ఉంది, చెవి నుంచి మెదడుకి వెళ్ళే నరంలోనే తేడా. శబ్దం చేరుతుంది, మాట చెదిరిపోతుంది. మిషన్‌తో లాభం లేదని తేలితేనే చెవి లోపల పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేస్తారు. చోటు, వేళ మార్చి మళ్ళీ చూడండి.

మీ
మాణిక్యాలరావు

తా.క. గింజలు మింగకుండా చూసుకోండి.

*

మామిడికుదురు,
జూన్ 24

మాణిక్యాలరావు గారికి నమస్కారాలు.

మార్చాను. వంటింట్లో పది. వానలో వసారాలో పది. రావులపాలెం బస్సులో, కండక్టరు అరుస్తుండగా, పది. గుసగుసగా పిలిచినా పది. మీ గదినే ఒకసారి పరీక్ష చేయించండి.

ఒక్కటే అర్థం కావడం లేదు. నీళ్ళు తెమ్మంటే చీపురు తెస్తుంది. మస్కట్ నుంచి వాళ్ళమ్మ ఫోన్‌లో ఎంత మాట్లాడినా మొహం చూస్తుంది తప్ప మాట అందుకోదు. ఆపరేషన్ అయితే అమ్మా అని పిలుస్తుందని అందరం ఎదురుచూస్తున్నాం.

ఇట్లు,
కళ్యాణి

తా.క. అత్తగారు బస్సులో ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నారు. పిల్ల మొహం కనబడాలట.

*

కాకినాడ,
జులై 2

కళ్యాణి గారికి నమస్తే అండీ.

మీ పట్టికలు ఆపరేషన్లు మంజూరు చేసే ప్రభుత్వ డాక్టర్ల కమిటీ చూసింది. గుసగుస కూడా వినేవారికి ఆపరేషన్ అక్కర్లేదని రాసి, జాబితాలోంచి పేరు తీసేశారు. ఆ కాగితం జతపరిచాను. నాకు అనుమానంగానే ఉంది గానీ, పదికి పది వస్తుంటే నేనేం వాదించనండీ? కొత్త ఆధారం ఏదైనా ఉంటే నెలాఖరులోగా పంపండి. ఆలస్యమయ్యేకొద్దీ పాపకి మాట రావడం కష్టం.

మీ
మాణిక్యాలరావు

తా.క. మా గదిని పరీక్ష చేయించాం. బాగానే ఉందండీ.

*

మామిడికుదురు,
జులై 13

మాణిక్యాలరావు గారికి నమస్కారాలు.

మీ కాగితం చూసిన పూట పొయ్యి వెలిగించలేదు. మర్నాడు అత్తగారు మురమళ్ళ స్వామి కల్యాణానికి వెళ్ళారు. మామూలుగానే పరీక్ష పెట్టాను. సున్నా. గాయత్రి ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీనే చూస్తూ కూర్చుంది. సాయంత్రం ఆవిడ వచ్చి కూర్చున్నాక పది.

నా కళ్ళు ఎప్పుడూ గిన్నె మీదా పట్టిక మీదా ఉండేవి. ఈసారి అత్తగారిని చూశాను. నేను పిలిచినప్పుడల్లా ఆవిడ తలూపుతూ, పెదవులతోనే "ఆయ్" అంటున్నారు. ఆ తల ఊగగానే పిల్ల గింజ వేస్తోంది.

"పిల్లని పిలిస్తే మీరు పలుకుతారేంటండీ?"

"పిలిస్తే పలక్కుండా ఎలా ఉంటామే? అంత పొగరు మనింటా వంటా లేదు."

"పేరు తీసేశారండీ, మీ పలుకు మూలంగా."

ఆవిడ తనే కుర్చీ తీసుకెళ్ళి వీధి అరుగు మీద వేసుకుని, అటు తిరిగి కూర్చున్నారు. వారం రోజులూ అంతే. అక్కణ్ణించే "ఎన్నేసిందే?" అని అడిగేవారు. "ఒకటి" అంటే, "అమ్మయ్య" అని కళ్ళొత్తుకునేవారు.

కొత్త పట్టిక పంపుతున్నాను. ఒకటి, సున్నా తప్ప ఏమీ లేవు. మా పిల్ల తప్పిందని దండం పెట్టి చెబుతున్నాను, పేరు మళ్ళీ ఎక్కించండి.

ఇట్లు,
కళ్యాణి

తా.క. కమిటీ వారి కాగితం వెనక్కి పంపడం లేదు. పరీక్ష రాసినవారి విషయంలో అందులో తప్పేమీ లేదు. ఎనభై రెండేళ్ళకి తన చెవులు ఇంత బాగున్నాయని ప్రభుత్వ డాక్టర్లు రాసిచ్చారని అత్తగారు దాన్ని పెట్టెలో దాచుకున్నారు.