తివాచీ మీద తూకం

అత్‌బాషిలో చిన్నకోడలు నర్గుల్ ఇంట్లో ఉంటున్న జూరకాన్, వయసు డెబ్బై తొమ్మిది, పెద్దకొడుకు తాలాయ్‌కు చెప్పి రాయిస్తున్న కార్డు.

నాయనా తాలాయ్, క్షేమం. నువ్వు పంపిన బరువు మిషన్ రోజూ ఎక్కుతున్నాను. పొద్దుటి మంచులా కరిగిపోతున్నాననిపించింది. నలభై ఐదు కిలోలు లేకపోతే వేసవి మేతకు గుర్రాలతో కొండ మీదికి పోవద్దని డాక్టరమ్మ అంది కదా, నిన్న నలభై ఒకటే చూపించింది.

"అత్తయ్యా, ఈ ఏడు గుర్రం మాట మర్చిపోండి" అంది నర్గుల్.

"ముందు నీ పిండిబస్తాను ఎక్కించవే" అన్నాను.

విప్పని యాభై కిలోల బస్తా నలభై మూడే తూగింది! "దీనికీ జబ్బేనా?" అంటే వంగి మిషన్ కింద చూసింది. దాన్ని మందపాటి ఉన్ని తివాచీ మీద పెట్టింది మహాతల్లి. వట్టి నేల మీద బస్తా యాభై, నేను నలభై ఏడు.

ఇంకోటి కొంటానన్నావు, నాకొద్దు. మీ అత్తగారికి కొను. పెద్ద అంకెలు, వెడల్పు పలక ఉండాలి. దిగి మళ్ళీ ఎక్కినా అదే అంకె చూపాలి. గట్టి నేల మీదే పెట్టుకోమను.

తెల్లారుతుండగా కలొచ్చింది. కొండ మీద మబ్బుల్లో ఆ మిషన్ ఎక్కి నిలబడ్డాను. చుట్టూ గుర్రాలు మేస్తున్నాయి. అంకె సున్నా మీదే ఉంది. ఎంత హాయిగా ఉందో! నేను అంత తేలికవ్వకముందే మమ్మల్ని కొండకు చేర్చడానికి లారీ తీసుకురా. పిల్లలకు దీవెనలు.

జూరకాన్ వేలిముద్ర.
సాక్షులు: కార్డు రాసిన పక్కింటి బుర్మా; నా గుర్రం జీను తుడుస్తున్న నర్గుల్.